మొదట తెలిసేది సంతలోనే

ఆ రాత్రి ఇంటి పక్కనే తుపాకులు పేలాయి. దేఖా ఇబ్రహీం ఆబ్ది బిడ్డను పొదువుకుని మంచం కింద దాక్కున్నారు. తెల్లారాక తల్లితో ఆ మాట చెబితే, ఆమె పాత సంగతి తవ్వి తీసింది. 1960ల్లో కాల్పులు జరిగినప్పుడు పసిదైన దేఖాను తానూ అలాగే మంచం కింద దాచింది. బిడ్డను దాచాల్సిన గతి తల్లి నుంచి కూతురికి వచ్చింది. దీన్ని ఇక్కడితో ఆపాలని దేఖా ఆ పూటే అనుకున్నారు.

కెన్యా ఈశాన్య మూలన, సోమాలియా సరిహద్దును ఆనుకుని ఉన్న వాజిర్ ఆమె ఊరు. ఒంటెలు, పశువులే అక్కడ ఆస్తి. 1990ల మొదట్లో కరువు ఆ ఆస్తిని తుడిచిపెట్టింది. 1991లో సోమాలియా ప్రభుత్వం కూలడంతో తుపాకులు సరిహద్దు దాటి వచ్చాయి. 1992 ఎన్నికలు అజురాన్, దెగోదియా, ఒగాడెన్ తెగల మధ్య ఉన్న పాత పగలను రాజేశాయి.

రాబోయే గొడవ ఆనవాళ్లు మొదట కనిపించింది పోలీసు ఫైళ్లలో కాదు, సంతలో. ఒక తెగ ఆడవాళ్లు ఇంకో తెగవాళ్లకు సరుకు అమ్మడం, వాళ్ల దగ్గర కొనడం మానేశారు. ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ నిన్నటిదాకా పక్కపక్కన కూర్చుని అమ్ముకున్నవాళ్లు ఇవాళ ముఖం తిప్పుకున్నారంటే, రేపు ఏం జరగబోతోందో ఆ సంతలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

దేఖా, మరికొందరు మహిళలు పని మొదలుపెట్టింది అక్కడే. ఏ తెగ మనిషైనా వచ్చి అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు అన్న కట్టుబాటు తెచ్చారు. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి అన్ని తెగల ఆడవాళ్లతో ఒక కమిటీ వేశారు. సంత కుదుటపడ్డాక పెద్దమనుషుల దగ్గరికి వెళ్లారు. 1993లో ఆ పెద్దలంతా కూర్చుని అల్ ఫతా ఒప్పందం చేసుకున్నారు. 1995 నాటికి ఈ ప్రయత్నమంతా వాజిర్ శాంతి, అభివృద్ధి కమిటీగా రూపుకట్టింది. మన కలెక్టరు లాంటి జిల్లా అధికారి దానికి అధ్యక్షుడు. తెగ పెద్దలు, మత పెద్దలు, మహిళలు, భద్రతాధికారులు కలిసిన ఒక బృందం ఎక్కడ గొడవ రాజుకుంటే అక్కడికి బయల్దేరి వెళ్లేది.

ఆ బయల్దేరడమే అసలు సంగతి. ముందస్తు హెచ్చరిక అనగానే ఉపగ్రహాలు, కంట్రోల్ రూములు గుర్తుకొస్తాయి. కానీ గొడవ వాసన పసిగట్టడం ఎప్పుడూ కష్టం కాదు. పాలమ్మే మనిషికి, ఆటో స్టాండులో కుర్రాడికి, బడి పంతులుకు అది ముందే తెలుస్తుంది. తెలిసిన మాట ఎవరికి చెప్పాలి, చెబితే తనకు ముప్పు రాదన్న నమ్మకం ఉందా, విన్నవాళ్లు ఆ పూటే కదులుతారా అన్నదే ప్రశ్న.

ఈ పాఠానికి కెన్యా పెద్ద మూల్యమే చెల్లించింది. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాతి హింసలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇళ్లు వదిలారు. 2010 రాజ్యాంగ రెఫరెండానికి ముందు ఉవియానో అనే శాంతి వేదిక ఏర్పాటైంది. తమ ఊళ్లో ఉద్రిక్తత కనబడితే జనం 108కి ఉచితంగా ఎస్సెమ్మెస్ పంపే వీలుండేది. మనకు అంబులెన్సు నంబరు అదే. ఆ ఆగస్టులో ఓటింగు ప్రశాంతంగా ముగిసింది.

దేఖాకు 2007లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2011లో రోడ్డు ప్రమాదం ఆమెను బలితీసుకుంది. 2014లో వాజిర్, మండేరా సరిహద్దులో దెగోదియా, గర్రే తెగల మధ్య మళ్లీ నెత్తురు పారింది. అంతమాత్రాన కమిటీలు వృథా అనడం తప్పు. ఒకసారి కుదిర్చిన శాంతిని రోజూ కాపలా కాయాలి. చెరువు గట్టు ఒకసారి పోసి వదిలేస్తే నిలుస్తుందా?

మన దగ్గరి ఉదాహరణ భివండీ. తెలంగాణ నుంచి వలసపోయిన వేలాది పద్మశాలీ కుటుంబాలు మగ్గాల మీద బతుకుతున్న పట్టణమది. 1970లో, 1984లో అక్కడ ఘోరమైన మతకలహాలు జరిగాయి. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే హిందువులు, ముస్లింలు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలను పేటపేటలో వేయించారు. గొడవలున్నప్పుడే కాదు, లేనప్పుడూ అవి కలిసేవి. కుళాయి దగ్గర తగాదా, పిల్లల కొట్లాట లాంటివి కూడా అక్కడే తేలేవి. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత పక్కనే ముంబయి తగలబడింది. దాదాపు 900 మంది చనిపోయారు. భివండీ మాత్రం నిలబడింది. మతకలహాల మీద పరిశోధించిన అశుతోష్ వార్ష్ణేయ ఈ పట్టణాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించడానికి కారణం ఇదే. మగ్గం యజమానీ, నేత కార్మికుడూ, నూలు వ్యాపారీ వేర్వేరు మతాలవాళ్లయినా ఒకరు లేకపోతే ఇంకొకరికి పూట గడవదు. ఆ అవసరానికి కమిటీ ఒక చోటు ఇచ్చింది.

మన పట్టణాల్లోనూ శాంతి కమిటీలున్నాయి. వినాయక నిమజ్జనానికో, మిలాద్ ఊరేగింపుకో వారం ముందు స్టేషనుకు పిలుస్తారు. టీ ఇస్తారు, సహకరించమంటారు, పంపిస్తారు. వచ్చేది ఎక్కువగా పార్టీ నాయకులు, పెద్ద వ్యాపారులు. ఆడవాళ్లు కనబడటం అరుదు. వాట్సాప్‌లో పుకారు అరగంటలో ఊరంతా చుట్టే ఈ రోజుల్లో, ఏడాదికి రెండుసార్లు కలిసే కమిటీ దాన్ని ఆపలేదు. పుకారును ఆపగలిగేది ఫోన్ చేస్తే నమ్మే మనిషి ఒక్కరే. ఆ నమ్మకం ముందే కుదిరి ఉండాలి.

కాబట్టి పోలీసు అధికారులకూ, మున్సిపల్ కౌన్సిలర్లకూ ఒక్క మనవి. ఈసారి పండగ ముగిసిన మరుసటి నెలలోనూ ఆ కమిటీని పిలవండి. రైతుబజారులో కూరగాయలమ్మే ఆవిడకూ, పొదుపు సంఘం నాయకురాలికీ అందులో కుర్చీ వేయండి.