రైఫిల్: షౌక్‌కా, జరూరత్‌కా?

పోయిన ఇత్వార్ మా భాంజా ఫోన్ చేశాడు. డాలస్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ నౌకరీ. "మామూ, రైఫిల్ కొంటున్నా. .300 విన్ మ్యాగ్. మీ మష్వరా ఏంటి?" అన్నాడు. మష్వరా అన్నది పేరుకే. వాడికి కావల్సింది "శభాష్ బేటా" అనే మాట. ఆ గొంతు నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ల కింద నేనూ అదే గొంతుతో దుకాణంలోకి వెళ్లాను.

నవంబర్ మొదటి శనివారం టెక్సస్‌లో జింకల సీజన్ మొదలవుతుంది. ఆగస్టు నుంచే మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బందూఖుల ఫోటోలు తిరుగుతుంటాయి. ఇండియాలో 1972 చట్టం వచ్చాక శికార్ అన్నది తాతల కిస్సాల్లో మిగిలింది. ఇక్కడికి వచ్చి చూస్తే అది ఖానూన్ ప్రకారమే నడిచే పని. దాంతో మనవాళ్ల లోపల ఎక్కడో పడుకున్న నవాబు సాబ్ లేచి కూర్చుంటాడు. నవాబు సాబ్‌కు చిన్న బందూఖ్ ఆనదు. అదీ మసలా.

నా రాయ్ ముందే చెప్పేస్తా. కౌంటర్ దగ్గర నిలబడకముందే మూడు సవాళ్లకు జవాబు మన దగ్గర ఉండాలి. ఏ జానవర్, ఎంత దూరం, ఎవరి భుజం. ఈ మూడింటికీ మనసులో నిజం ఒప్పుకుంటే మనలో చాలామందికి సరిపోయేది చిన్న తూటా, తేలిక దెబ్బ, మామూలు ధర ఉన్న రైఫిల్. కొందరికైతే రైఫిలే అక్కర్లేదు.

రైఫిల్ కంటే ముందు కాగితం మాట. భాంజాది హెచ్-1బీ వీసా. ఇది మనవాళ్లలో చాలామందికి తెలీదు: అమెరికా ఫెడరల్ ఖానూన్ ప్రకారం వాడిలాంటి వీసా మీద ఉన్నవాళ్లు బందూఖ్ గానీ గోలీలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనకు పనికొచ్చేది ఒకటే, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. టెక్సస్‌లో ఉంటున్నవాళ్లకు అది 25 డాలర్లు. చాలా రకాల లైసెన్సుల గడువు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న కొత్తది తీసుకోవడం మర్చిపోయారో, అల్మారాలో ఉన్న రైఫిల్ రాత్రికి రాత్రి నేరం అయి కూర్చుంటుంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి, పెద్దవాళ్లయితే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. భాంజాను అడిగితే "లైసెన్స్ తర్వాత తీసుకుంటా మామూ" అన్నాడు. అంటే గుర్రం కొనకముందే నాడాలు కొట్టించినట్టు కూడా కాదు, పెళ్లి కాకముందే వలీమాకు పిలిచినట్టు.

సరే, మొదటి సవాల్. ఏ జానవర్? వాడు పోయేది లానో దగ్గర ఒక రాంచ్‌కు. ఆ హిల్ కంట్రీ వైట్‌టెయిల్ జింక చిన్న ప్రాణం. రాతి నేల, తక్కువ మేత. మగదైనా మామూలుగా 50 నుంచి 70 కిలోలు ఉంటుంది. మన బక్రీద్ మేకపోతుల్లో బలిసినవి దానికి తీసిపోవు. రెండో సవాల్, ఎంత దూరం? అక్కడ చెక్క గదిలో కూర్చుంటారు, ఎదురుగా మొక్కజొన్న చల్లే డబ్బా ఉంటుంది. ఆ డబ్బా 100 గజాల దూరంలో ఉంటుంది, అటూ ఇటూగా. అంటే వాడు కొట్టబోయేది మేకపోతంత జింకను, 100 గజాల్లో, కుర్చీలో కూర్చుని, కిటికీ మీద రైఫిల్ ఆనించి. దీనికి .300 విన్ మ్యాగ్ ఎందుకు? "ఎప్పుడైనా కొలరాడోకు ఎల్క్ కోసం పోవచ్చు కదా" అన్నాడు. ఎప్పుడైనా ఇల్లు కట్టుకుంటామని ఇప్పుడే లారీ కొంటామా? ఎల్క్ వచ్చినప్పుడు చూద్దాం. ఆ సంవత్సరం ఎవరిదైనా అడిగి తీసుకోవచ్చు.

మూడో సవాల్ దగ్గరే అందరూ అబద్ధం చెప్పుకుంటారు. భుజం. .300 విన్ మ్యాగ్ వెనక్కి కొట్టే దెబ్బ .243 దెబ్బకు రెండు రెట్లు దాటి ఉంటుంది. నేను 5 అడుగుల 6 అంగుళాలు, అప్పట్లో 63 కిలోలు. దుకాణంలో సేల్స్‌మన్ నన్ను చూసి కూడా "ఇది కొంటే ఉత్తర అమెరికాలో దేనికైనా పనికొస్తుంది" అన్నాడు. నేను "దేనికైనా" అన్న మాటను కొనుక్కున్నాను. రేంజ్‌కు పోయి ఏడు గోలీలు పేల్చాను. భుజం నల్లబడింది. ఎనిమిదోది పేల్చకుండా పెట్టె మూసి, అలవాటైపోతుందిలే అనుకున్నాను. ఒక్కో గోలీకి రెండు డాలర్ల పైన అవుతుందన్న హిసాబ్ కూడా లోపల ఉంది, అది ఎవరికీ చెప్పలేదు.

అలవాటైంది, కానీ వేరేది. ట్రిగ్గర్ నొక్కే లమ్హాలో కళ్లు మూసుకోవడం అలవాటైంది. దీన్ని ఇక్కడ ఫ్లించ్ అంటారు. చేసేవాడికి తెలీదు. బుర్ర దెబ్బను ముందే ఊహించుకుని భుజాన్ని ముందుకు తోస్తుంది, నాలి కిందికి వంగుతుంది. ఆ నవంబర్‌లో, 90 గజాల్లో, పక్కకు తిరిగి నిలబడి మొక్కజొన్న తింటున్న ఆడ జింకను కొట్టాను. అంతకంటే ఆసాన్ నిషానా ఉండదు. గోలీ గుండె దగ్గర తగలాల్సింది పోయి బోటీలో తగిలింది. అది వంగి, వీపు గూను చేసుకుని, పొదల్లోకి నడుచుకుంటూ పోయింది. పరిగెత్తలేదు, నడిచింది. అది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మగ్రిబ్ దాకా వెతికాం, తర్వాత టార్చ్ పట్టుకుని రాత్రి పది దాకా వెతికాం. నెత్తురు చుక్క ఒకటి, ఆకు మీద పచ్చటి పసరు కొంచెం. పొద్దున్నే రాబందులు చూపించాయి ఎక్కడుందో. దస్తర్‌ఖాన్ మీదికి రావాల్సింది ఒక జానవర్ రాత్రంతా చచ్చింది, నా షౌక్ వల్ల.

పెద్ద తూటా అయితే కొంచెం గురి తప్పినా పని అయిపోతుంది అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. బోటీలో తగిలిన పెద్ద గోలీ బోటీలో తగిలిన గోలీయే. ఆ రాత్రి దానికి .300 అని తెలీదు.

మా నానా ఇల్లందు అడవుల వైపు తిరిగిన మనిషి. ఆయన దగ్గర ఉన్నది ఏక్‌నాలీ 12 బోర్. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా ఠాణాలో జమ చేసి, అయిపోయాక మళ్లీ తెచ్చుకుని కుసుమ నూనె పెట్టి తుడిచేవారు. ఎల్‌జీ తూటాలు మూడే జేబులో వేసుకునేవారట. ఆ బందూఖ్ ముప్పై నలభై గజాలు దాటితే నమ్మడానికి లేదు. అందుకని ఆయన దగ్గరికి పోయేవారు. గాలి చూసుకుని, చెప్పులు విప్పి, గంట సేపు. అందకపోతే వాపస్ ఇంటికి. అమ్మీ చెప్పేది, ఖాళీ చేతులతో వచ్చిన రోజులే ఎక్కువ, ఆ రోజుల్లో దాల్చా వండేవాళ్లం అని. 1972 తర్వాత మానేశారు, గోడకు తగిలించారు, అంతే. ఆయనకు బందూఖ్ హద్దు తెలుసు, తన హద్దు తెలుసు. నాకు నా రైఫిల్ 800 గజాలు పోతుందని తెలుసు, నేను 90 గజాలకే పనికిరానని తెలీదు.

పేరున్న శికారీలు ఏం వాడారో చూడండి. చంపావత్ ఆడపులిని 1907లో కొట్టినందుకు జిమ్ కార్బెట్‌కు ఇనామ్‌గా వచ్చిన రైఫిల్ .275 రిగ్బీ. అంటే 7×57 మౌజర్ తూటాయే, ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. ఈ కాలం లెక్కలో అది మధ్యరకం జింకల తూటా. ఆఫ్రికాలో బెల్ అనే ఆయన వెయ్యికి పైగా ఏనుగుల్ని కొట్టాడు, వాటిలో ఎక్కువ భాగం ఇదే తూటాతో. ఏనుగు తలను నిలువునా కోయించి లోపల మెదడు ఎక్కడుందో చూసి నేర్చుకున్నాడు. అన్ని ఏనుగుల్ని దంతాల కోసం చంపడం జుల్మ్, దాన్ని నేను తారీఫ్ చేయను. కానీ తూటా సైజు గురించి వాదించేవాళ్లకు ఆయన కంటే పెద్ద జవాబు లేదు.

ఆ సీజన్ అయ్యాక .300ను నష్టానికి అమ్మేశాను. పాతది ఒక 7ఎమ్ఎమ్-08 కొన్నాను, పొట్టి స్టాక్‌ది. మనవాళ్ల గురించి స్టాక్ మాట కచ్చితంగా చెప్పాలి. షాపుల్లో ఉండే రైఫిళ్లకు ట్రిగ్గర్ నుంచి వెనక చివర దాకా పొడవు మామూలుగా పదమూడున్నర అంగుళాల పైన ఉంటుంది, ఆరడుగుల మనిషి కోసం. మనలాంటి పొట్టివాళ్లు దాన్ని ఎత్తితే మెడ సాగుతుంది, కన్ను స్కోప్‌కు సరిగ్గా అందదు, అందుకని ముందుకు పాకుతాం, పాకితే స్కోప్ అంచు కనుబొమ్మ కోస్తుంది. కాంపాక్ట్ అనో యూత్ అనో పేరుతో అంగుళం తక్కువ స్టాక్ దొరుకుతుంది. "యూత్" అన్న పేరు చూసి సిగ్గుపడతారు మగాళ్లు. షేర్వానీ కుట్టించేటప్పుడు దర్జీకి కొలతలు ఇవ్వడానికి సిగ్గుపడరు కదా.

తూటా ఏది అంటే, హిల్ కంట్రీకి .243 చాలు, 7ఎమ్ఎమ్-08 చాలు, 6.5 క్రీడ్‌మూర్ చాలు, .308 ఎక్కువే. వీటి మధ్య రాత్రంతా బహస్ చేసేవాళ్లను నేను పట్టించుకోను. మీ ఊరి షాపులో ఏది ఎప్పుడూ దొరుకుతుందో అది తీసుకోండి. .22 రిమ్‌ఫైర్ మాత్రం జింకకు ఖానూన్ ఒప్పుకోదు. స్కోప్ 3-9 రకం మామూలుది. రైఫిల్‌లో మిగిలిన పైసలు గోలీల్లో పెట్టండి, రేంజ్ ఫీజులో పెట్టండి.

అడవి పందుల కోసం ఏఆర్ కావాలనేవాళ్లు వేరే జమాత్. రైతుకు మేలే, పొలాలు తవ్వేస్తున్నాయి. కానీ తినే పని లేని శికార్ అది, దాని హిసాబ్ వేరు. దాన్ని జింక కొనుగోలుతో కలపకండి.

ఇక హలాల్ మాట. గోలీతో చచ్చిన జానవర్ మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. గోలీ దెబ్బతో చంపుతుంది, ధార లేదు కాబట్టి ప్రాణం ఉండగా జబహ్ చేస్తేనే జాయిజ్ అని మన హనఫీ పెద్దల్లో చాలామంది రాయ్. బిస్మిల్లా చెప్పి కొడితే, తోలు చీల్చుకుని పోతే చాలని వేరేవాళ్లు అంటారు. మీ ఆలిమ్‌ను అడగండి, నన్ను కాదు. ఈ మాట ఎందుకు తెచ్చానంటే, మొదటి రాయ్ పట్టుకున్నవాడు "అందుకే చిన్న తూటా, వెంటనే చావకుండా" అని నాతో ఒకసారి అన్నాడు. తౌబా. జానవర్‌ను కావాలని సగం ప్రాణంతో పడేసే హక్కు ఎవరికీ లేదు. జబహ్‌కు ముందు చాకు నూరమన్న తాలీం మనది. ఆ షర్త్ ఉన్నవాళ్లకు ఇక్కడ మేకల ఫారాలు ఉన్నాయి, చాకు పట్టుకుని అక్కడికి పోవచ్చు.

భాంజాకు నేను చెప్పింది రెండు ఇమ్తిహాన్‌ల గురించి. ఒకటి, తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు. జింక గుండె, ఊపిరితిత్తుల మేర దానికంటే కొంచెం చిన్నది. బల్ల మీద ఇసుక సంచులు లేకుండా, శికార్‌లో ఎలా కూర్చుంటావో అలా కూర్చుని, అయిదుకు అయిదు ప్లేటులో పడాలి. ఎంత దూరంలో పడితే అదే నీ దూరం. 100లో పడి 150లో ఒకటి బయటికి పోతే నీ దూరం 100, రైఫిల్ మీద ఏం రాసి ఉన్నా సరే. .308ను 100 గజాలకు సెట్ చేస్తే 300 గజాల దగ్గర గోలీ అడుగుకు పైగా కిందికి దిగుతుంది. ప్లేటు సైజు గుర్తుంచుకో. రెండోది, పక్కనున్నవాడు నీకు కనపడకుండా మ్యాగజైన్‌లో ఒక ఉత్తుత్తి తూటా కలిపి పెడతాడు. అది వచ్చినప్పుడు పేలదు, దెబ్బ ఉండదు. ఆ లమ్హాలో నాలి కదిలిందా లేదా? కదిలితే ఆ రైఫిల్ నీది కాదు.

ఏడాదికి ఒక శనివారం పోయేవాడివైతే రాంచ్‌లోనే రైఫిల్ ఇస్తారేమో అడుగు అని కూడా అన్నాను. అది వాడికి నచ్చలేదు. ఫోన్‌లో కాసేపు ఖామోష్‌గా ఉన్నాడు.

జుమ్మా రోజు మెసేజ్ వచ్చింది. కోర్సు పూర్తయింది, లైసెన్స్ తీసుకున్నాడు, కాగితం ఫోటో పెట్టాడు. వచ్చే శనివారం ఇక్కడికి వస్తాడు, నా 7ఎమ్ఎమ్-08తో పేలుస్తాడు. ప్లేట్లు తెమ్మన్నాను. .300 ఇంకా కార్ట్‌లోనే ఉందట, తీసేయలేదు. సరే, ఉండనీ.