ఐదో క్రోమోజోములో తెగిన ముక్క

పుట్టిన బిడ్డ సన్నగా, కీచుగా, అచ్చం పిల్లికూనలా ఏడుస్తుంది. తల చిన్నది, బరువు తక్కువ, పాలు తాగడానికి నానా అవస్థ. 1963లో పారిస్‌లో జెరోమ్ లెజూన్ బృందం ఇలాంటి పిల్లల్ని పరీక్షించి, ఐదో క్రోమోజోము పొట్టి భుజంలో కొంత ముక్క లేదని తేల్చింది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఒక క్రోమోజోము ఎక్కువ ఉంటుందని 1959లో ప్రకటించినదీ లెజూన్ బృందమే.

దీనికి 'క్రి దు షా' సిండ్రోమ్ అని పేరు. 20,000 నుంచి 50,000 జననాలకు ఒకరిలో కనిపిస్తుంది. స్వరపేటిక సరిగా ఎదగకపోవడం వల్ల వచ్చే ఆ ఏడుపు చాలామందిలో వయసుతోపాటు తగ్గిపోతుంది. నడక, మాట ఆలస్యమవుతాయి. అయితే ఈ పిల్లలు పలకగలిగిన దానికంటే ఎక్కువే అర్థం చేసుకుంటారు. మాట రాలేదు కదా అని వాళ్లముందు ఏదిబడితే అది మాట్లాడేవాళ్లు ఇది గమనించాలి.

మన ఇళ్లలో ఇలాంటప్పుడు ముందుగా నింద పడేది తల్లిమీద. గ్రహణంనాడు బయటికొచ్చిందనో, సరిగా తినలేదనో అంటారు. నిజానికి 80 శాతానికి పైగా కేసుల్లో ఈ లోపం వంశపారంపర్యంగా వచ్చింది కాదు, అప్పటికప్పుడు ఏర్పడినదే. అలా తెగిన క్రోమోజోము ఎక్కువసార్లు తండ్రి వైపు నుంచి వచ్చినదే! అదీ ఎవరి తప్పూ కాదు.

కొన్ని కుటుంబాల్లో మాత్రం తల్లికో తండ్రికో క్రోమోజోము ముక్కలు చోటు మారి ఉంటాయి, పైకి ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి మరో బిడ్డను కనే ముందు దంపతులిద్దరూ క్రోమోజోములను చూసే క్యారియోటైప్ పరీక్ష చేయించుకోవాలి. పోయిన ముక్కను తిరిగి తెచ్చే మందు లేదు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ మాత్రం పసితనంలోనే మొదలుపెట్టండి.