చెరకు తోట నుండి మూడు దారులు: ప్యూర్టోరికో ప్రతిపత్తి వివాదం

2024 నవంబరు 5వ తేదీన అమెరికా అధ్యక్ష ఎన్నికలు జరిగిన నాడే, కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో ద్వీప ప్రజలు మరొక ప్రశ్నకు సమాధానం చెప్పారు. వారు అమెరికా పౌరులే అయినప్పటికీ అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు వారికి లేదు. తమ ద్వీపానికి ఇకపై ఎటువంటి ప్రతిపత్తి ఉండాలన్నదే ఆనాటి ప్రశ్న. అమెరికాలో ఒక రాష్ట్రంగా చేరాలని 58 శాతానికి పైగా, అమెరికాతో ఒప్పందం చేసుకొని విడి దేశంగా ఉండాలని 29 శాతానికి పైగా, సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని సుమారు 12 శాతం ఓటు వేశారు. అదే రోజు జరిగిన గవర్నరు ఎన్నికలో రాష్ట్ర ప్రతిపత్తిని కోరే పార్టీ అభ్యర్థి జెనిఫర్ గొన్సాలెస్ గెలిచారు. స్వాతంత్ర్య పార్టీ అభ్యర్థి హువాన్ దల్మావు రెండవ స్థానంలో నిలిచారు.

ఈ వివాదం మనకు కొత్తది కాదు. కోరంగి, యానాం, మద్రాసు రేవుల నుండి ఓడలెక్కిన మన పూర్వులు చేరిన చెరకు సీమలన్నీ ఒక్కొక్క కాలంలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. ప్యూర్టోరికో కూడా చెరకు సీమయే. 1898 వరకు స్పెయిన్ పాలనలో ఉండి, ఆ ఏడాది జరిగిన యుద్ధం తరువాత అమెరికా చేతికి వచ్చింది. 1901లో మొదలైన తీర్పుల వరుసలో అమెరికా సుప్రీంకోర్టు ఒక విచిత్రమైన సూత్రాన్ని నిలబెట్టింది. దాని ప్రకారం ఈ ద్వీపం అమెరికాకు చెందినదే కాని, అమెరికాలో భాగం కాదు. 1917లో ద్వీపవాసులకు అమెరికా పౌరసత్వం లభించింది. అయితే ఓటు వేయగల సభ్యుడు కాంగ్రెసులో వారికి నేటికీ లేడు.

ఈ స్థితికి ముగ్గురు నాయకులు మూడు సమాధానాలు చెప్పారు.

మొదటివారు హోసె సెల్సో బార్బోసా. ఈయన నల్లజాతి వైద్యుడు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో చదివారు. 1899లో పార్టీని స్థాపించి, ద్వీపం అమెరికాలో ఒక రాష్ట్రం కావాలని వాదించారు. స్థానిక సంపన్నుల దయ కంటె సమాఖ్య రాజ్యాంగం ఇచ్చే సమాన హక్కులే పేదవానికి రక్ష అని ఆయన విశ్వాసం. దీనిని విలీన వాదం అనవచ్చు. దీని మూల పదం సమానత్వం.

రెండవవారు పెద్రో అల్బిసు కాంపోస్. ఈయనలోనూ ఆఫ్రికా రక్తం ఉంది. హార్వర్డులో న్యాయశాస్త్రం చదివారు. అయినా బార్బోసాకు పూర్తిగా విరుద్ధమైన నిర్ణయానికి వచ్చారు. ఒక జాతిని ఇద్దరు రాజులు సంధిపత్రం మీద చేతులు మార్చలేరన్నది ఆయన వాదం. 1934లో సమ్మె చేసిన చెరకు కూలీలు ఆయనను తమ పక్షాన మాట్లాడమని పిలిచారు. 1937లో పోన్సె నగరంలో ఆయన అనుచరుల ఊరేగింపుపై పోలీసులు జరిపిన కాల్పుల ఘటనలో 19 మంది మరణించారు. 1948 నుండి 1957 వరకు ద్వీప పతాకాన్ని కలిగి ఉండటమే నేరమని చెప్పే చట్టం అమలులో ఉంది. ఇది జాతీయ వాదం. దీని మూల పదం సార్వభౌమత్వం, అనగా తనపై మరొక అధికారి లేకుండుట.

మూడవవారు లూయిస్ మున్యోస్ మారిన్. యౌవనంలో స్వాతంత్ర్యాన్నే కోరిన ఈయన, 1940 ఎన్నికలలో ప్రతిపత్తి ప్రశ్నను పక్కన పెట్టి, రొట్టె, భూమి, స్వేచ్ఛ అనే నినాదంతో పల్లెలకు వెళ్ళారు. ఒక సంస్థ 500 ఎకరాలకు మించి భూమిని కలిగి ఉండరాదన్న నిబంధన 1900 నుండి కాగితం మీదే ఉండేది. 1941 భూచట్టంతో దానిని అమలు చేయుటకు పూనుకున్నారు. 1952 జులై 25న ద్వీపానికి సొంత రాజ్యాంగం వచ్చింది. ఇది స్వయంపాలన వాదం. దీని మూల పదం బతుకు తెరువు.

ముగ్గురి ఎదుటా ఉన్నది ఒకే చెరకు తోట. వారి మధ్య భేదం దేశభక్తి ఎక్కువ తక్కువలది కాదు. దేనిని ఎక్కువ ప్రమాదంగా భావించారన్నదే భేదం. బార్బోసా అసమానతకు భయపడ్డారు, అల్బిసు పరాధీనతకు భయపడ్డారు, మున్యోస్ ఆకలికి భయపడ్డారు. ఒక రాజకీయ భావజాలాన్ని అర్థం చేసుకోవాలంటే అది ఏమి కోరుతున్నదో అడిగిన తరువాత, దేనికి భయపడుతున్నదో కూడా అడగాలి.

మన చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైంది. అంతకు ముందటి ఏడాది ఎన్నికలలో స్వాతంత్ర్య కూటమి గెలిచినా, నూటికి నలభై మందికి పైగా దానిని వ్యతిరేకించిన పక్షానికి ఓటు వేశారు. వారిలో అనేకుల భయం, బ్రిటిష్ వారు వెళ్ళిన తరువాత అధికసంఖ్యాకుల పాలనలో తమ గతి ఏమన్నది. ఫిజీలో మన వారి నాయకులు త్వరగా స్వాతంత్ర్యం కావాలన్నారు. తమ భూములకు ఏమవుతుందోనని ఆదివాసి ఫిజియన్ నాయకులు వెనుకాడారు. రియూనియన్, గ్వాడెలూప్, మార్టినిక్ ద్వీపాలు 1946లో ఫ్రాన్సులో విలీనమయ్యాయి. ఆ చట్టాన్ని ముందుండి నడిపినవారు వలసపాలనను తీవ్రంగా విమర్శించిన కవి ఎమె సెజేర్. కాబట్టి విలీనాన్ని కోరిన ప్రతివారినీ బానిసబుద్ధి గలవారని, స్వాతంత్ర్యాన్ని కోరిన ప్రతివారినీ ఆవేశపరులని అనుట చరిత్రకు అన్యాయం.

మరొక విషయాన్ని కూడా గమనించాలి. ప్రశ్నను రచించినవాడే సమాధానాన్ని సగం నిర్ణయిస్తాడు. హవాయి రాణి లిలియుఒకలాని 1893లో పదవీచ్యుత అయిన కుట్రలో చక్కెర వర్తకుల ప్రయోజనాలు బలంగా ఉన్నాయి. 1959లో హవాయి ప్రజలను అడిగినది రాష్ట్రంగా చేరుతారా, లేదా అని మాత్రమే. స్వాతంత్ర్యం అన్న మాట బ్యాలెట్ మీద లేదు. ప్యూర్టోరికోలో 2017 ఓటింగులో రాష్ట్ర ప్రతిపత్తికి 97 శాతం వచ్చింది, కాని ప్రతిపక్షాల బహిష్కరణ వల్ల ఓటర్లలో నాలుగవ వంతు కూడా పాల్గొనలేదు. 2024 బ్యాలెట్ మీద ప్రస్తుత స్థితి అన్న ఎంపిక లేదు. దానిని సమర్థించే పార్టీ, ఓటు వేయకుండా బ్యాలెట్‌ను ఖాళీగా వదలమని చెప్పింది. శాతాలను చదివే ముందు బ్యాలెట్‌ను చదవాలి. దల్మావుకు వచ్చిన ఓట్లన్నీ స్వాతంత్ర్యానికి వచ్చినవి కావు. అవినీతిపై, తరచు పోయే కరెంటుపై విసిగినవారి ఓట్లు కూడా వాటిలో ఉన్నాయి.

ఈ ఓటింగులు దేనినీ నిర్ణయించవు. అధికారం వాషింగ్టన్‌లోని కాంగ్రెసుదే. 2016లో కాంగ్రెసు చేసిన చట్టం ద్వీపపు అప్పులను, బడ్జెట్‌ను పర్యవేక్షించే మండలిని నియమించింది. అంతటితో 1952 రాజ్యాంగపు స్వయంపాలన ఎంతవరకో తెలిసిపోయింది. ప్రజలకు మూడు మార్గాలలో ఒకటి ఎంచుకునే అవకాశమిచ్చే బిల్లు 2022 డిసెంబరులో ప్రతినిధుల సభలో నెగ్గింది. సెనేటులో ముందుకు సాగలేదు.

ఇక్కడే మన పాత్ర మొదలవుతుంది. గయానాలోనో ఫిజీలోనో పుట్టి, న్యూయార్కులో పౌరసత్వం పొందిన మన బంధువు అధ్యక్షునికి ఓటు వేస్తాడు. పుట్టుకతోనే అమెరికా పౌరుడైన పోన్సె నివాసికి ఆ ఓటు లేదు. అతడు న్యూయార్కుకు మారితే ఓటు వస్తుంది. మన బంధువు పోన్సెకు మారితే అది పోతుంది. ద్వీపవాసులకు ఏ మార్గం మంచిదో చెప్పే అర్హత మనకు లేదు. కాని వారి నిర్ణయాన్ని గౌరవించే చట్టం చేయవలసినవారు మన ఓటుతో ఎన్నికైనవారు. మన తాతముత్తాతలు ఒప్పంద పత్రంపై వేలిముద్ర వేసినప్పుడు దానిలోని షరతులను వారిని అడిగి వ్రాయలేదు. ప్యూర్టోరికో ప్రజలు తమ షరతులను తామే వ్రాసుకొనగలగాలని మన ప్రతినిధులను అడుగుట మన బాధ్యత.