ఘన్‌పూర్ పక్కన బ్రాకెట్

ఒకే పేరున్న ఊళ్లకు మనకు కొదవ లేదు. పాత వరంగల్ జిల్లానే చూడండి, ఘన్‌పూర్ పేరుతో రెండు మండలాలు! ఏది ఏదో తెలియాలని 2011 జనాభా లెక్కల్లో ఒకటి ‘ఘన్‌పూర్ (స్టేషన్)’, ఇంకోటి ‘ఘన్‌పూర్ (ములుగు)’ అని రాశారు. మొదటిది కాజీపేట - సికింద్రాబాద్ రైలు దారిలోది. రెండోది ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉంది. బుగులు వెంకటేశ్వరస్వామి గుట్ట ఉన్న చిల్పూర్ అప్పట్లో స్టేషన్ ఘన్‌పూర్ కిందే ఉండేది. 2016లో తనే మండలమై జనగామ జిల్లాలో చేరింది.

మనుషులకు ఆ బ్రాకెట్ మేలే చేసింది. చిక్కల్లా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తోనే. ఫైళ్లలో ఫలానా తీరు అక్షరాలను వెతికిపెట్టే నమూనా అది. దాని దృష్టిలో బ్రాకెట్ అక్షరం కాదు, ‘లోపలున్నది ఒక గుంపు’ అని చెప్పే ఆజ్ఞ.

చిల్పూర్ కుర్రాడొకడు పాత జాబితాలోంచి తన ఊరివాళ్లను ఏరాలని ‘ఘన్‌పూర్ (స్టేషన్)’ అని ఉన్నదున్నట్టు కొట్టాడనుకోండి. బ్రాకెట్ లేకుండా ‘ఘన్‌పూర్ స్టేషన్’ అని రాసిన వరసలు దొరుకుతాయి. బ్రాకెట్ ఉన్నవి ఒక్కటీ దొరకదు. బ్రాకెట్ తెరిచి మూయకపోతే ప్రోగ్రాం గోలపెట్టి ఆగిపోతుంది, అదే నయం. ఇక్కడ చప్పుడే ఉండదు. ‘మీ ఊరోళ్ల పేర్లు లిస్టుల లేవు’ అంటే నిజమే కాబోలనుకొని పెద్దాయన ఇంటిబాట పడతాడు.

మందు చిన్నదే. ఆ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి: ‘ఘన్‌పూర్ \(స్టేషన్\)’. చుక్కకూ అంతే. చుక్కంటే దానికి ‘ఏదో ఒక అక్షరం’. రెండెకరాల ఇరవై గుంటలని ‘2.20’ వెతికితే 2120 సర్వే నంబరు కూడా ఊడిపడుతుంది. ‘2\.20’ అనాలి. కూడిక గుర్తు, నక్షత్రం, ప్రశ్న గుర్తు, డాలరు, నిలువు గీత... ఈ జాతి ఇంకా ఉంది.

పేర్లు వందల్లో ఉంటే చేత్తో పెట్టే పని పెట్టుకోకండి. పైథాన్‌లో ‘ఎస్కేప్’, జావాలో ‘కోట్’, పీహెచ్‌పీలో ‘ప్రెగ్ కోట్’ అనే ఫంక్షన్లు ఆ పని చేసిపెడతాయి. జావాస్క్రిప్ట్‌కు ఈ సదుపాయం 2025 ప్రమాణంలో గానీ రాలేదు. అన్నాళ్లూ ఎవరి వంట వాళ్లదే!

అయితే వీటిని ఎక్కడ వాడాలో చూసుకోవాలి. మన కుర్రాడికి పాత పేరూ కావాలి, చిల్పూర్ అనే కొత్త పేరూ కావాలి. రెండిటి మధ్య ‘లేదా’ అని చెప్పేది నిలువు గీత. మొత్తం కలిపాక ఎస్కేప్ చేస్తే ఆ గీత కూడా మామూలు అక్షరమైపోతుంది, మళ్లీ సున్నాయే. ముందు ఏ పేరుకాపేరు ఎస్కేప్ చేసి, ఆ తర్వాతే గీతతో కలపాలి: ‘ఘన్‌పూర్ \(స్టేషన్\)|చిల్పూర్’.

తెలుగులో వెతికేవాళ్లకు ఇంకో తిప్పలుంది. ‘ఘన్‌పూర్’లో పొల్లు న కింద పావత్తు చేరకుండా కొందరు కంటికి కనబడని అక్షరమొకటి వేస్తారు. కొందరు వేయరు. దీనికి ఎస్కేప్ పనికిరాదు. వెతికే ముందే ఫైల్లోంచీ నమూనాలోంచీ దాన్ని తీసేయాలి.

ఎక్సెల్‌లో మామూలుగా వెతుక్కునేవాళ్లకు బ్రాకెట్ల బాధ లేదు. అక్కడ చూసుకోవాల్సింది నక్షత్రం, ప్రశ్న గుర్తులనే. వాటి ముందు పెట్టాల్సింది బ్యాక్‌స్లాష్ కూడా కాదు, టిల్డా.