అన్నీ పచ్చగానే ఉన్నాయి

డాష్‌బోర్డుల మాటెత్తితే నేను కాస్త ఎక్కువ ఆవేశపడతానని మా టీములో ఒక అభిప్రాయం ఉంది. మొన్నామధ్య కొత్తగా చేరిన కుర్రాడొకడు పొద్దున మొదలుపెట్టి లంచ్ టైముకల్లా ఇరవై డబ్బాల డాష్‌బోర్డు ఒకటి చేసి పట్టుకొచ్చాడు. చూడముచ్చటగానే ఉంది. "ఇదిగో ఈ నంబరు పెరిగిందనుకో, ఎవరు ఏం చేస్తారు?" అనడిగా. పాపం, నాకేసి వింతగా చూశాడు. వాణ్ణని ఏం లాభం లెండి, నన్ను మాత్రం తొలి పదేళ్ళూ ఆ ప్రశ్న ఎవరడిగారు గనక!

సంగతేంటంటే, 2014లో మాకో క్లయింటు ఉండేవాడు. సరుకు పంపిణీ వ్యాపారం, కోస్తా జిల్లాల్లో చాలా గోడౌన్లు. వాళ్ళ బిల్లింగు అప్లికేషన్ మాదే. దాని క్వాలిటీ ఎలా ఉందో పెద్దవాళ్ళకి ఒక్క చూపులో తెలియాలని నేనే దగ్గరుండి ఒక డాష్‌బోర్డు కట్టా. ఓపెన్‌లో ఉన్న బగ్గులు, గడువులోపల మూసిన టికెట్లు, పేజీ తెరుచుకోవడానికి పట్టే సగటు సమయం, ఇలా మొత్తం 23 డబ్బాలు. పైవరసలో నాలుగు స్పీడోమీటర్లు. ఆర్నెల్లలో టికెట్లు సగానికి పడిపోయాయి. అన్నీ ఆకుపచ్చ. క్లయింటు దగ్గర్నించి థాంక్యూ మెయిలు, మా మేనేజరుకి ఆనందం, నాకు పార్టీ.

ఆ తరవాత వేరే పనిమీద విజయవాడ దగ్గర వాళ్ళ గోడౌనుకి వెళ్ళాల్సొచ్చింది. మధ్యాహ్నం పన్నెండవుతోంది, బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. బిల్లింగు కౌంటర్లో ఆవిడ మా అప్లికేషన్ని పక్కన పెట్టేసి, అట్ట పుస్తకంలో కార్బన్ పేపరు పెట్టి చేత్తో బిల్లులు రాస్తోంది.

"సిస్టం పనిచెయ్యట్లేదా అండీ?" అన్నా.

"చేస్తదండి. పదకొండు నించి ఒంటిగంట దాకా అట్టా తిరుగుతానే ఉంటది. లారీవాళ్ళు ఊరుకోరు కదండి. అందుకే ఇందులో రాసేసి సాయంత్రం ఎక్కిస్తాం. ఎనిమిదైపోద్ది ఇంటికెళ్ళేసరికి."

"మరి కంప్లైంటు పెట్టలేదా?"

"మూడుసార్లు పెట్టామండి. మూడుసార్లూ క్లోజ్ అని మెయిలొచ్చింది. ఇంక ఎందుకులే అని పెట్టటం మానేశాం సార్."

టికెట్లు సగానికి ఎందుకు తగ్గాయో అప్పుడర్థమైంది. వాటిని చూసి పార్టీ చేసుకున్నది నేను.

ఇంకో తమాషా వినండి. హెడ్డాఫీసులో సేల్స్ వాళ్ళకి వేరే డాష్‌బోర్డు ఉంది. అందులో ఆ గోడౌనుకి సాయంత్రం ఆరు నించి ఎనిమిది దాకా వ్యాపారం బ్రహ్మాండంగా జరుగుతున్నట్టు కనపడుతోంది. లోడింగు వాళ్ళని సాయంత్రం షిఫ్టుకి మార్చుదామా అని అక్కడ సీరియస్‌గా ఆలోచిస్తున్నారట! ఆవిడ పడే పాట్లు అక్కడికెళ్ళి 'పీక్ అవర్' అయి కూర్చున్నాయి.

1979 మార్చి 28న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం గురించి వినే ఉంటారు. తెల్లవారుజామున ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని, మళ్ళీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో మాత్రం దాని తాలూకు లైటు ఆరిపోయింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనే అనుకున్నారు. నిజానికి ఆ లైటు చెప్పేది 'మూసుకోమని సిగ్నల్ వెళ్ళింది' అని మాత్రమే. వాల్వు మూసుకుందో లేదో దానికి తెలీదు. రెండు గంటలకి పైగా నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి, చివరికి రియాక్టర్ కోర్‌లో కొంత భాగం కరిగిపోయింది. పైగా మొదటి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగడంతో ఏది ముఖ్యమో తేల్చుకోలేకపోయారు. ఇప్పుడు మన టికెట్ 'క్లోజ్‌డ్' స్టేటస్ ఏం చెప్తోందో ఓసారి ఆలోచించండి. మనం మూసేశామనే కదా? అవతలివాళ్ళ బాధ తీరిందని కాదుగా? మా గేజీ కొలిచింది మేం పంపిన సిగ్నల్‌ని.

అందుకే నా మటుకు నాకు, టికెట్ మూసే హక్కు పెట్టినవాళ్ళకే ఉండాలి. "యూజర్లు మూయరండీ, వాళ్ళకంత తీరికెక్కడ?" అంటారు మనవాళ్ళు. నిజమే. పది రోజులు చూసి మూసెయ్యండి, కాదనను. కానీ దాన్ని 'జవాబు లేదు' అని వేరే లెక్కలో వెయ్యాలి, 'పరిష్కారమైంది' అన్న డబ్బాలో కలపకూడదు. ఆ రెండూ కలిపేసి పర్సంటేజీ తీసి ఆకుపచ్చ రంగు పూస్తే, పచ్చకామెర్లవాడి సామెత గుర్తొస్తుంది నాకు. (సామెతలో పచ్చ అంటే పసుపు అని తెలుసులెండి, మన స్క్రీన్లకి ఏదైనా ఒకటే.)

ఇక సగటు సంగతి. వంద పేజీల్లో 95 ఒక్క సెకనులో తెరుచుకుని, మిగతా 5 పేజీలు ముప్ఫయ్యేసి సెకన్లు తీసుకున్నాయనుకోండి. సగటు 2.45 సెకన్లు. మా టార్గెట్ 3. కాబట్టి పచ్చ! రోజుకి ఇరవై పేజీలు తెరిచేవాళ్ళలో, ఆ నెమ్మది పేజీలు ఎక్కడబడితే అక్కడ పడినా సరే, వందకి 64 మందికి కనీసం ఒక్కటైనా తగులుతుంది. నిజ జీవితంలో అలా చెదిరి కూడా పడవు, లారీలు వచ్చే రెండు గంటల్లోనే గుంపుగా పడతాయి. పైగా ఆ టైములో జనం అప్లికేషన్ వాడడమే మానేస్తే, నెమ్మది పేజీల లెక్క తగ్గి సగటు ఇంకా బాగుపడుతుంది. ఇంతకంటే అన్యాయమైన కొలత ఉంటుందా?

స్పీడోమీటర్ల గురించి స్టీఫెన్ ఫ్యూ 2006లోనే డాష్‌బోర్డుల మీద రాసిన పుస్తకంలో చెప్పాడు, చోటంతా తినేస్తాయి, చెప్పేది మాత్రం కాస్తంత అని. కారులో ముల్లు ఎందుకంటే ఆ క్షణంలో బ్రేకు తొక్కాలో వద్దో తేల్చుకోవాలి గనక. వారానికోసారి మారే బగ్గుల లెక్కకి ముల్లెందుకండీ? ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్ళు కూడా తక్కువేమీ కాదు. రంగుతో పాటు ఒక గుర్తో మాటో ఉండాలి.

అన్నిటికంటే నాకు విసుగు తెప్పించింది సోమవారం మీటింగు. పోయిన వారం 41 బగ్గులు, ఈ వారం 44. డబ్బా ఎర్రబడింది, కారణం రాయమంటారు. రాశా. తర్వాతి వారం 39. ఎందుకు తగ్గాయో కూడా రాశా. అలా ఏడాదిపాటు నేను చేసింది అచ్చంగా కాల్పనిక సాహిత్యమే :) మామూలు ఒడిదుడుకులేవో, నిజంగా పట్టించుకోవాల్సిన మార్పేదో విడదీసి చూపించే కంట్రోల్ చార్టుని వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే వాల్టర్ షూహార్ట్ 1924లో ఒక్క పేజీ మెమోలో గీసిచ్చాడు. ఫ్యాక్టరీలవాళ్ళు వాడుకున్నారు. మనం మాత్రం రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి, బాణం గుర్తు గీసి, దానికి బిజినెస్ ఇంటెలిజెన్స్ అని పేరు పెట్టుకున్నాం.

విజయవాడ నించి వచ్చాక ఒక్కో డబ్బానీ పట్టుకుని అదే ప్రశ్న వేసుకుంటూ పోయా: ఇది మారితే ఎవరు ఏం చేస్తారు? 23లో ఆరు మిగిలాయి. సగటు తీసేసి, ఒక్కో గోడౌనుకీ గంటగంటకీ వందలో అన్నిటికంటే నెమ్మదైన అయిదు ఎంత సేపు తీసుకున్నాయో పెట్టా. మూసిన టికెట్ల బదులు, అదే చోటునించి అదే విషయం మీద మళ్ళీ వచ్చినవి పెట్టా. బిల్లు మీద చేత్తో రాసిన టైముకీ, సిస్టంలోకి ఎక్కించిన టైముకీ ఎంత తేడా ఉందో ఇంకొకటి. దానికోసం ఎంట్రీ స్క్రీనులో ఒక గడి పెంచాల్సొచ్చింది, ఆవిడ నన్ను తిట్టుకునే ఉంటుంది.

"స్క్రీనంతా ఖాళీగా ఉందేంటి? క్లయింటు ఏమనుకుంటాడు?" అన్నాడు మా మేనేజరు. పైగా మొదటి నెలంతా ఆరింట్లో నాలుగు ఎర్రగానే ఉన్నాయి. ఆర్నెల్ల కింద పార్టీ ఇచ్చిన మనిషికి ఇదేంటో వివరించడం అంత తేలిక కాదు, ఆ ఏడాది నా అప్రైజల్ చూస్తే మీకే తెలుస్తుంది.

పదకొండు గంటలకి అప్లికేషన్ ఎందుకు మొరాయిస్తోందో వెతికితే రెండు కారణాలు దొరికాయి. ఒకటి స్టాకు టేబుల్లో ఇండెక్సు లేకపోవడం, అది ఒక పూట పని. రెండోది, రోజూ మధ్యాహ్నం రివ్యూ కోసమని సరిగ్గా పదకొండింటికి అదే డేటాబేసు మీద మొదలయ్యే ఒక పెద్ద క్వెరీ. ఎవరిదా అని చూస్తే నాదే, నా డాష్‌బోర్డు రిఫ్రెష్! దాన్ని తెల్లవారుజామున రెండింటికి మార్చా.

రెండు నెలల తరవాత ఆ గోడౌనుకి ఫోన్ చేశా. ఇప్పుడు బానే ఉందన్నారు, ఆవిడ ఆరున్నరకే ఇంటికెళ్తోందట. అట్ట పుస్తకం మాత్రం ఇంకా కౌంటరు మీదే ఉంది. "ఉండనీండి సార్, ఏమో మళ్ళీ" అంది.