డెంగీ ఒకసారి వస్తే మళ్ళీ రాదా?

గత వర్షాకాలంలో నిర్మల్‌లోని మా మదరసా విద్యార్థి ఒకడు జ్వరంతో మూడు రోజులు పాఠానికి రాలేదు. విచారించగా అతని తల్లి, “మౌల్వీ సాబ్, వీడికి రెండేళ్ళ కిందనే డెంగీ వచ్చిపోయింది. మళ్ళీ రాదు కదా! ఇది మామూలు జ్వరమే” అన్నది. పరీక్షలో తేలినది డెంగీయే. సకాలంలో వైద్యం అందడంతో అల్లాహ్ దయవల్ల కోలుకున్నాడు. ఈ భ్రమ అనేక గృహాలలో ఉన్నందున ఈ నెల ఇదే విషయం ప్రస్తావిస్తున్నాను.

డెంగీ వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. వైరస్ జన్యువు సుమారు 10,700 అక్షరాల రాత వంటిది. విద్యార్థులు పాఠాన్ని ఎత్తి రాసుకున్నప్పుడు ఒకే తప్పు రెండు ప్రతులలో కనిపిస్తే, వాటి మూలం ఒకటేనని ఉస్తాద్ గ్రహిస్తాడు. శాస్త్రవేత్తలు కూడా జన్యువుల రాతలను ఇలాగే పోల్చి వైరస్‌ల వంశావళిని నిర్ణయిస్తారు. ఆ ప్రకారం నాలుగు డెంగీ రకాలు తోబుట్టువులు. జికా, ఎల్లో ఫీవర్, జపనీస్ మెదడువాపు వైరస్‌లు వాటి దాయాదులు. చికున్‌గున్యాను మోసేది డెంగీ దోమయే అయినా దాని వంశం వేరు.

మన దేశంలో అరుదుగా కనిపించిన నాల్గవ రకం 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోగుల రక్తంలో బయటపడింది. జన్యువును పరిశీలించి, అది ఆ రకంలోని ఒకటవ శాఖకు చెందినదని గుర్తించారు.

ఈ బంధుత్వంలోనే ప్రమాదం ఉన్నది. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుండి దీర్ఘకాల రక్షణ లభిస్తుంది. మిగిలిన వాటి నుండి కొన్ని నెలలు మాత్రమే. తరువాత మరొక రకం సోకినప్పుడు, పాత ప్రతిరక్షకాలు పోలికను బట్టి దానిని పట్టుకుంటాయి గాని నిర్వీర్యం చేయలేకపోవచ్చు. పైగా అవి అంటుకున్న వైరస్ కణాలలోకి మరింత సులువుగా ప్రవేశించగలదు. రెండవసారి వచ్చే డెంగీ తీవ్రరూపం దాల్చే అవకాశం ఎక్కువగా ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కనుక తల్లిదండ్రులారా! మునుపు డెంగీ వచ్చిన బిడ్డకు జ్వరం వస్తే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు సొంతంగా వేయకండి. జ్వరం దిగగానే నిశ్చింతగా ఉండకండి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తస్రావం, మగతదనం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

వుజూ నీటి తొట్లు, డ్రమ్ములు, కూలర్లు వారానికొకసారి ఖాళీ చేసి, లోపలి గోడలను రుద్ది కడగండి. అక్కడ అంటుకున్న దోమగుడ్లు నీరు లేకున్నా నెలల తరబడి బతికి ఉంటాయి. వచ్చేది ఏ రకమైనా, దాని దారి మన ఇంటి నీటి నుండే మొదలవుతుంది.