ఇంటి పన్ను పంచాయతీకి, టీచరు జీతం ఖజానా నుంచి

పర్చూరు లాంటి పెద్ద పంచాయతీలో ఇంటి యజమాని కట్టే పన్ను గ్రామ పంచాయతీ ఖాతాకు పోతుంది. అదే ఊరి బడిలో పాఠం చెప్పే టీచరుకు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఈ రెండు లెక్కలూ ఎక్కడా కలవవు. ఇంటి పన్ను రెట్టింపైనా టీచరు జీతంలో రూపాయి పెరగదు. పంచాయతీకి ఏళ్ల తరబడి బకాయిలు పేరుకుపోయినా ఆ జీతం ఆగదు. పన్ను భారం, టీచర్ల జీతాలు, ప్రాంతాన్ని బట్టి మారే బతుకు ఖర్చు అనే మూడు విషయాల మీద మన దగ్గర జరిగే వాదనలు తరచూ గురి తప్పేది ఈ సంగతి మరిచిపోవడం వల్లే.

అమెరికాలో కథ వేరు. అక్కడ బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబం పన్ను బిల్లు చూసి గుండె పట్టుకున్నా, అందులో సింహభాగం పిల్లల బడికే పోతుందని తెలిసి సర్దుకుంటుంది. మంచి బడి ఉన్న చోట ఇళ్ల ధరలు పెరుగుతాయి, ధరతో పాటే పన్నూ పెరుగుతుంది. పేద పట్టణానికి ఆ వెసులుబాటు ఉండదు. ఈ తేడా రాజ్యాంగానికి విరుద్ధమని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1971లో సెరానో కేసులో చెప్పింది. 1978లో అదే రాష్ట్ర ఓటర్లు ప్రపోజిషన్ 13తో ఆస్తి పన్నును విలువలో 1 శాతానికి కట్టడి చేశారు. సంపన్న స్కూలు డిస్ట్రిక్టుల పన్నులో కొంత తీసి పేద స్కూలు డిస్ట్రిక్టులకు ఇచ్చే పద్ధతిని టెక్సస్ 1993లో తెచ్చింది.

తెలుగు నేల మీదా ఒకప్పుడు పన్నుకూ బడికీ ముడి వేయాలని చూశారు. స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకోవడానికి 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వీలు కల్పించింది. అయితే కొత్త పన్ను అంటే ఈ ప్రాంతం ఎలా స్పందిస్తుందో అప్పటికే తేలుతోంది. పర్చూరు నుంచి బస్సెక్కితే గంటలోపు వచ్చే చీరాలను పేరాలతో కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏటా సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు చేరింది. జనంలో ఎక్కువమంది నేత కార్మికులు. పన్ను పెరిగింది గానీ అందుకు తగ్గ సౌకర్యం వాళ్ల కంటికి కనిపించలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో ఊరు ఊరంతా ఇళ్లు వదిలి, మునిసిపాలిటీ హద్దు దాటి రామనగర్ పేరుతో పాకలు వేసుకుని 11 నెలలు గడిపింది. ఆ మరుసటి ఏడాది మొదట్లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నిలిచి భూమి శిస్తు కట్టబోమన్నారు. ఈ రెండూ జాతీయోద్యమంలో భాగాలే, సందేహం లేదు. కానీ చీరాల వాళ్లు అడిగిన ప్రశ్న మాత్రం నేటికీ పాతబడలేదు: కట్టిన దానికి బదులు ఏమొస్తుంది?

1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రాథమిక బడులు పంచాయతీ సమితులకు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తులకు దక్కాయి. బడి బోర్డుల మీద జడ్పీ అన్న అక్షరాలు ఆ కాలం నుంచి వచ్చినవే; ఎంపీపీ (మండల ప్రజా పరిషత్) అన్నవి 1980లలో సమితుల స్థానంలో మండలాలు వచ్చాక చేరాయి. జీతాల భారం మాత్రం క్రమంగా ప్రభుత్వ పద్దు కిందికి చేరింది. ‘010 పద్దు’ అనే మాట టీచర్ల సంఘాల సభల్లో హక్కుకు మారుపేరుగా వినిపించడానికి కారణం అదే: ఆ పద్దు కిందికి వస్తే ఒకటో తారీఖున ఖజానా నుంచి జీతం, రాకపోతే స్థానిక సంస్థ దగ్గర డబ్బు ఉన్నప్పుడే జీతం. 73వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక, మాధ్యమిక విద్యను 11వ షెడ్యూల్లో పంచాయతీలకు ఇవ్వదగిన అంశంగా చేర్చింది. నిధులు, నియామకాలు మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉండిపోయాయి.

ఇక పన్ను సంగతి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇంటి పన్ను వేయడం గ్రామ పంచాయతీ బాధ్యత. ఇంటి అద్దె విలువనో, మూలధన విలువనో ఆధారం చేసుకుని లెక్క కడతారు. రసీదులో ఇంటి పన్ను కింద సాధారణంగా నీటి పన్ను, లైటింగ్, డ్రైనేజీ పద్దులు ఉంటాయి. చదువుతో చుట్టరికం ఉన్న పద్దు వాటిలో ఒక్కటే, గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే వెయ్యి రూపాయల ఇంటి పన్నుకు 80 రూపాయలు. చాలా పంచాయతీలు ఆ సొమ్మును సొంత అవసరాలకు వాడుకుని సంస్థకు బాకీ పడుతుంటాయి.

పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో అసలు ఆస్తి ఇల్లు కాదు, పొలం. మిర్చి, పత్తి, శనగ, పొగాకు మీద వచ్చిన డబ్బు మళ్లీ పొలం కొనడానికో, గుంటూరులో ఫ్లాటుకో, పిల్లల చదువుకో పోతుంది. పాత భూమి శిస్తు స్థానంలో 1988 చట్టంతో నీటి తీరువా ఒక్కటే మిగిలింది. పంట అమ్మినప్పుడు కట్టే సెస్సు మార్కెట్ కమిటీది. కాబట్టి ఎకరం లక్షల్లో పలికే ఊళ్లో కూడా పంచాయతీ చేతికి అందేది పెంకుటిల్లూ, డాబా, కోల్డ్ స్టోరేజీ, జిన్నింగ్ మిల్లు మాత్రమే. పది ఎకరాల ఆసామికీ, కౌలు రైతుకూ ఇళ్లు ఒకేలా ఉంటే పన్నూ ఒకేలా ఉంటుంది. భారం ఎక్కువన్న మాట కౌలు రైతు నోట వస్తే అందులో న్యాయం ఉంది. ఆసామి నోట అదే మాట వస్తే ఒప్పుకోవడం కష్టం.

పట్టణాల్లో పరిస్థితి 2021 ఏప్రిల్ నుంచి మారింది. రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ సంస్కరణలు చేయాలని కేంద్రం 2020లో షరతు పెట్టింది. దానికి తగ్గట్టు ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, అద్దె విలువను వదిలి రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా పన్ను లెక్క మొదలుపెట్టింది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా రేటు. ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదన్న పరిమితీ పెట్టారు. వినడానికి అది ఊరటే. కానీ కొత్త లెక్కకు చేరేదాకా ఏటా 15 శాతం పెరిగితే అయిదేళ్లలో పన్ను రెట్టింపు దాటుతుంది. జీతం అలా పెరగదు.

2022 వేతన సవరణలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) స్కేలు రూ.32,670తో, స్కూల్ అసిస్టెంటు స్కేలు రూ.44,570తో మొదలవుతుంది. పర్చూరులోనైనా విశాఖపట్నంలోనైనా మూలవేతనం ఒకటే. కరవు భత్యం (డీఏ) దేశవ్యాప్త పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని అనుసరిస్తుంది. 88 కేంద్రాల ధరలను కలిపిన సగటు అది. గుంటూరులో కందిపప్పు ధర మండిపోయినా ఆ వేడి సగటులో చల్లారిపోతుంది. ప్రాంతాన్ని బట్టి మారేది ఇంటి అద్దె భత్యం, అంటే హెచ్ఆర్ఏ. దానికి కొలబద్ద ఊరి జనాభా.

2022 జనవరి 17 నాటి ఉత్తర్వు పల్లెల హెచ్ఆర్ఏను 12 నుంచి 8 శాతానికి తగ్గించింది. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’కు ఉద్యోగులు, టీచర్లు పోటెత్తాక దాన్ని 10 శాతం చేశారు. 50 వేలు దాటిన ఊరికి 12 శాతం, 2 లక్షలు దాటిన నగరానికి 16 శాతం ఖరారైంది. కొత్తగా చేరిన ఎస్జీటీకి పర్చూరులో రూ.3,267, చీరాలలో రూ.3,920, గుంటూరులో రూ.5,227 వస్తుందన్నమాట. గుంటూరుకీ పర్చూరుకీ మధ్య తేడా రెండు వేలకు లోపే. పర్చూరులో పనిచేసే టీచర్లు అందరూ పర్చూరులో కాపురం ఉండరు. పిల్లల కాలేజీల కోసం చీరాల, చిలకలూరిపేట, గుంటూరులో అద్దెకుండి బస్సుల్లో, బైకుల మీద వచ్చిపోయేవాళ్లు చాలామంది. వాళ్లు కట్టేది పట్నం అద్దె, పుచ్చుకునేది పల్లె భత్యం. మీద పెట్రోలు ఖర్చు. సొంతూళ్లో సొంతింట్లో ఉండేవాళ్లకు మాత్రం అదే 10 శాతం మిగులే. ఒకే స్టాఫ్ రూములో, ఒకే స్కేలు మీద ఇద్దరి బతుకు లెక్కలు ఇంత వేరుగా ఉంటాయి.

ఈ లోటును ప్రభుత్వం డబ్బుతో పూడ్చడం లేదు, బదిలీ పాయింట్లతో పూడుస్తోంది. హెచ్ఆర్ఏ ఎక్కువున్న చోట పనిచేస్తే ఏడాదికి 1 పాయింటు, తర్వాతి శ్రేణికి 2, పల్లెకు 3, సరైన రోడ్డు లేని పల్లెకు 5. అద్దె భత్యం తగ్గేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి. పల్లెలో కొన్నేళ్లు ఓర్చుకున్న అనుభవజ్ఞుడు పాయింట్లు కూడబెట్టుకుని పట్నం దగ్గరి బడికి వెళ్తాడు. ఆ ఖాళీలోకి డీఎస్సీలో కొత్తగా ఎంపికైనవాళ్లు వస్తారు. పల్లె బడి శిక్షణ కేంద్రంలా మారడానికి ఇదొక కారణం. ఖర్చు ఆదా కోసం రాసుకున్న నిబంధనకు మూల్యం చెల్లించేది పల్లె పిల్లలే.

జీతం ఖజానా నుంచి వస్తుంది కనుక పర్చూరు బడికి గుంటూరు బడితో సమానమైన స్కేలు దక్కుతోంది. అమెరికా పేద డిస్ట్రిక్టులు కోర్టుల చుట్టూ తిరిగింది ఈ సమానత్వం కోసమే, దాన్ని వదులుకోమనడం తెలివి కాదు. నష్టం మరో వైపు ఉంది. టీచరు జీతం తన పన్నులోంచి వెళ్లడం లేదు గనుక బడి ఎలా నడుస్తోందని పంచాయతీ సభలో అడిగే అలవాటు ఊరికి పోయింది. అడగాల్సిన తల్లిదండ్రుల్లో కొందరు ప్రైవేటు బడికి ఫీజు కట్టేస్తున్నారు. ఆ ఫీజు ఇంటి పన్నుకు ఎన్నో రెట్లు. అక్కడి టీచరుకు వేతన సవరణ లేదు, డీఏ లేదు, హెచ్ఆర్ఏ లేదు, బతుకు ఖర్చు మాత్రం అంతే ఉంది.

12వ వేతన సవరణ 2023 జూలై 1 నుంచి అమలు కావాల్సింది. హెచ్ఆర్ఏకు జనాభాను కాకుండా ఆ చుట్టుపక్కల నిజమైన అద్దెలను, రాకపోకల ఖర్చును కొలబద్ద చేయమని అడగాల్సిన చోటు అదే.